అనుభవం లేదని రాయకండి: శ్రీకాకుళం, విజయనగరం కంప్యూటర్ విద్యార్థులు మొదటి ఉద్యోగానికి సిద్ధం కావడం ఎలా

రెజ్యూమెలో ఎక్స్‌పీరియన్స్ అన్న చోట "ఫ్రెషర్" అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. రాజాంలో బీటెక్ చేసినా, టెక్కలిలో చేసినా, విజయనగరంలో బీఎస్సీ కంప్యూటర్స్ చేసినా ఇదే వరస. అదే అమ్మాయినో అబ్బాయినో కాసేపు కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అప్పుడు బయటికొస్తాయి అసలు సంగతులు: మేనమామ ఎరువుల షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేది తనే, కాలేజీ ల్యాబ్‌లో పాడైన సిస్టమ్స్‌కి విండోస్ ఎక్కించింది తనే, స్కాలర్‌షిప్ ఫారాలు అప్‌లోడ్ అవ్వక వీధిలో వాళ్లంతా వచ్చి కూర్చునేది తన ఇంట్లోనే. ఇవన్నీ పనులే. వీటిని ఎలా చేయాలి, ఎలా రాసుకోవాలి, అడిగినప్పుడు ఎలా చెప్పాలి అన్నది కాలేజీలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు కాబట్టి ఇది రాస్తున్నాను. నేనూ విజయనగరం జిల్లాలోనే చదివాను, చిన్న సపోర్ట్ ఉద్యోగంతో మొదలుపెట్టాను, ఇప్పుడు మా టీంలోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చదివే వాళ్లలో ఒకడిని.

ముందు కాగితాలు

ఆసక్తిగా ఉండే పని కాదు, కానీ ఆఫర్ వచ్చాక కూడా ఆగిపోయిన వాళ్లను చూశాను, ఆగింది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. ముగ్గురు వేరు వేరు మనుషుల్లా కనిపిస్తారు. పదో తరగతి మెమోలో ఉన్నదే అసలు పేరు అనుకుని, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి సరిపోయేలా మార్చుకోండి. మెమో మార్పించడం కంటే ఇవి మార్చుకోవడం తేలిక. మూడో సంవత్సరంలో ఉండగానే ఈ పని అయిపోవాలి, ఫైనలియర్ హడావుడిలో అవ్వదు.

యూనివర్సిటీ పేరు దగ్గర మన జిల్లాల పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలు ఇదివరకు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి, 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. శ్రీకాకుళం డిగ్రీ కాలేజీలదీ అలాంటి కథే, 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ పెట్టకముందు అవి ఆంధ్రా యూనివర్సిటీవి. మీ అన్న రెజ్యూమె చూసి యూనివర్సిటీ పేరు దించేయకండి, మీ మెమో మీద ఏ పేరు ముద్రించి ఉంటే అక్షరం పొల్లు పోకుండా అదే రాయండి, ఎందుకంటే వెరిఫికేషన్ చేసేవాళ్లు ఉత్తరం పంపేది ఆ పేరుకే. జిల్లా కూడా అంతే. రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లాలో ఉంది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, పాత సర్టిఫికెట్లలో మాత్రం రెండూ శ్రీకాకుళం జిల్లాయే. బెంగళూరులో కూర్చున్న హెచ్‌ఆర్‌కి ఇదంతా తెలియదు. అడ్రస్ తేడా ఎందుకుందని అడిగితే జిల్లాలు మారాయని ఒక్క వాక్యంలో చెప్పండి, కంగారు పడొద్దు.

ట్రిపుల్ ఐటీ పిల్లలు ఇంటర్ అని రాసి ఇరుక్కుంటారు. ఆర్‌జీయూకేటీలో, అంటే ట్రిపుల్ ఐటీలో, చేరేది పదో తరగతి తర్వాత, మొదటి రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. కాబట్టి పీయూసీ అనే రాసి, పక్కన ఇంటర్‌తో సమానం అని పెట్టండి. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో రెండో సంవత్సరంలో చేరినవాళ్లు డిప్లొమాను అడుగున దాచేస్తారు, అదెందుకో నాకు అర్థం కాదు. మూడేళ్లు ల్యాబుల్లో చేతులు పెట్టి పని చేసిన చదువది, పైకి తీసుకురండి.

సీజీపీఏను పర్సంటేజీలోకి మార్చేటప్పుడు పదితోనో తొమ్మిదిన్నరతోనో గుణించేయకండి. మీ బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్ (యూనివర్సిటీ నిబంధనలు) బట్టి సూత్రం మారొచ్చు, అది మీ మెమో వెనకో రెగ్యులేషన్ పుస్తకంలోనో ఉంటుంది. చాలా పెద్ద కంపెనీలు పదో తరగతి నుంచి 60 శాతం అడుగుతాయి, అందుకే 59.6ని 60 అని రాసుకోవాలని మనసు లాగుతుంది. అలా రాస్తే చేరిన తర్వాత కూడా తీసేయొచ్చు. బ్యాక్‌లాగ్ ఉంటే ఉందని, క్లియర్ అయితే ఎప్పుడు అయిందో చెప్పండి. చదువు మధ్యలో ఏడాది ఖాళీ వస్తే ఆ ఏడాది ఏం చేశారో చెప్పండి, ఇంట్లో జబ్బుగా ఉన్నవాళ్లను చూసుకున్నా సరే, పొలం పనులు చూసినా సరే. అడిగేవాళ్లు మనుషులే.

సబ్జెక్టులు: పేర్లు కాదు, చేతితో చేసింది

రెజ్యూమెలో సీ, సీప్లస్‌ప్లస్, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్, క్లౌడ్, ఏఐ అన్నీ వరసగా పేర్చేస్తారు. చదివేవాడికి ఒకటే అనుమానం వస్తుంది, వీటిలో నిజంగా ఏది వచ్చు? రెండు రాయండి, ఆ రెండింటిలో లోతుగా వెళ్లండి.

డేటాబేస్ సబ్జెక్టే తీసుకోండి. నార్మల్ ఫారాలు పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటారు, అది మంచిదే, పోగొట్టుకోకండి. దాని పక్కన ఇంకో పని చేయండి. మీ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ పెట్టి, లక్ష వరుసలున్న టేబుల్ ఒకటి పైథాన్‌తో తయారు చేసి, ఒక ఫోన్ నంబరుతో ఆ మనిషిని వెతకండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ నంబర్ల కాలమ్ మీద ఇండెక్స్ (పుస్తకం వెనక ఉండే సూచిక లాంటిది) పెట్టి మళ్లీ వెతకండి. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని పెడితే డేటాబేస్ టేబులంతా తిరిగిందా, ఇండెక్స్ వాడుకుందా అన్నది అదే చూపిస్తుంది. ఒక సాయంత్రం పని ఇది. ఇంటర్వ్యూలో "ఇండెక్స్ అంటే ఏమిటి" అని అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెప్పే వాళ్లకూ, "నేను పెట్టకముందు ఇంత, పెట్టాక ఇంత, కానీ కొత్త వరుసలు చేర్చడం కొంచెం నెమ్మదించింది" అనేవాళ్లకూ తేడా వెంటనే తెలిసిపోతుంది.

నెట్‌వర్క్స్ కూడా అంతే. ఇంట్లో వైఫై పనిచేయనప్పుడు మొబైల్ డేటా ఆన్ చేసుకుని ఊరుకోకుండా వరసగా చూడండి: నా సిస్టమ్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) వచ్చిందా, రూటర్‌కి పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే చిన్న సందేశం) వెళ్తోందా, బయటి ఐపీకి వెళ్తోందా, వెళ్తే పేరుతో ఎందుకు తెరుచుకోవట్లేదు. విండోస్‌లో ఐపీ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీలు పంచేది) నుంచి అడ్రస్ రాలేదని అర్థం. ఐపీతో వెళ్లి పేరుతో వెళ్లకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చేది) దగ్గర చూడాలి. ఈ నాలుగు మెట్లు తెలిసినవాడికి సపోర్ట్ ఉద్యోగంలో మొదటి నెల టెన్షన్ సగం తగ్గుతుంది.

కాలేజీలో సరిగ్గా చెప్పని సబ్జెక్టు ఉంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ ఉంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి, సెంటర్‌కి వెళ్లి కూర్చుని రాయాలి. మార్కుల్లో 25 శాతం వారం వారం అసైన్‌మెంట్లకి, 75 శాతం ఆ పరీక్షకి. అందుకే వీడియోలు చూస్తే చాలు ఇచ్చేసే సర్టిఫికెట్ల కంటే దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంటర్న్‌షిప్ కొనుక్కోకండి

మన రాష్ట్రంలో 2020-21 కరికులం నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, బీటెక్‌లో కూడా ఉంది. మీ బ్యాచ్‌కి ఎన్ని నెలలో కాలేజీలో అడిగి తెలుసుకోండి. ఈ రూల్ రాగానే డబ్బు కడితే సర్టిఫికెట్ మెయిల్‌లో పంపించేవాళ్లు పుట్టుకొచ్చారు. ఆ కాగితం మీద "వెబ్ డెవలప్‌మెంట్ ఇంటర్న్" అని ఉంటుంది. ఇంటర్వ్యూలో "మీ టీంలో ఎంతమంది? మీకు పని ఎవరు చెప్పేవారు? మీరు రాసిన కోడ్ ఎవరు చూసేవారు?" అని అడిగితే జవాబుండదు. మూడు ప్రశ్నలకే అయిపోతుంది.

దాని బదులు మీ ఊళ్లో వెతకండి. ఐటీ కంపెనీ ఉంటేనే కంప్యూటర్ పని ఉంటుందనుకోవడం తప్పు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు యూనిట్లున్నాయి, 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి బిల్లులు, రిటర్నులు అన్నీ కంప్యూటర్‌లోనే. సీఏ ఆఫీసులున్నాయి, డయాగ్నొస్టిక్ ల్యాబులున్నాయి, నర్సింగ్ హోములున్నాయి, రెండు మూడు బ్రాంచీలున్న ప్రైవేటు స్కూళ్లున్నాయి, డీటీపీ షాపులున్నాయి. వీళ్లందరి దగ్గర ఎక్సెల్ ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి, ప్రింటర్ పనిచేయదు, పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి డేటా ఎక్కించేవాళ్లుండరు. శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో షాపు యజమానికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అక్కర్లేదు, "ఏటి బాబూ, బిల్లు రాట్లేదు" అంటే వచ్చి చూసే మనిషి కావాలి.

వెళ్లి అడగడానికి మొహమాటం ఉంటుంది, నాకు తెలుసు. ఇలా అడగండి: "సార్, నేను ఫలానా కాలేజీలో కంప్యూటర్స్ చదువుతున్నాను. రెండు నెలలు మీ ఆఫీసులో కంప్యూటర్ పని నేర్చుకుంటాను. రోజూ మీకు ఎక్కువసేపు పట్టే పని ఒకటి చెప్పండి, దాన్ని తగ్గించడానికి ప్రయత్నిస్తాను. కాలేజీ వాళ్ల లెటర్ తెస్తాను, అయిపోయాక మీ లెటర్‌హెడ్ మీద నేను చేసిన పని రాసివ్వాలి." ఆఖరి మాట మొదటి రోజే చెప్పాలి. డబ్బు గురించి కూడా దాచుకోవద్దు, కనీసం బస్సు ఛార్జీలు అడగండి. ఇవ్వనంటే రెండు నెలలకు మించి ఉండొద్దు.

మొదటి సంవత్సరం తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుని కూడా చాలామంది కాగితాలు నింపి వదిలేస్తారు. ఊరూరా తిరిగి ఇంటింటా సర్వే చేశారంటే మీ దగ్గర నిజమైన డేటా ఉన్నట్టు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఆ డేటాతో లెక్కలు కట్టండి, పటాలు గీయండి. ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికిన టైటానిక్ ప్రయాణికుల డేటాతో చేసిన ప్రాజెక్టు కంటే, మా మండలంలో నీళ్ల బోర్ల మీద చేసిన సర్వే అంటే వినేవాడు నిటారుగా కూర్చుంటాడు.

పని డైరీ

ఈ మొత్తంలో ఒక్కటే చేయండి అంటే నేను చెప్పేది ఇదే. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. సమస్య వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎవరికి ఏం ఆగిపోయింది, నేను ముందు ఏం చూశాను, అసలు కారణం ఏమిటి, బాగయిందని ఎలా తెలుసుకున్నాను. తేదీ వేయండి. కారణం తెలియకుండా రీస్టార్ట్ చేస్తే బాగుపడిందనుకోండి, అదే రాయండి, కారణం తెలియలేదని కూడా రాయండి.

ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మన దగ్గర ప్రతి ఆఫీసులో వచ్చేదే. ఒక స్కూలు ఆఫీసులో విద్యార్థుల జాబితా ఆన్‌లైన్ సిస్టమ్ నుంచి సీఎస్‌వీ (వివరాలను కామాలతో విడదీసే) ఫైలుగా దింపారు. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి అక్షరాలు. ఆధార్ నంబర్లు 1.23 పక్కన ఈ, పక్కన 11 అని కనిపిస్తున్నాయి. కొన్ని బ్యాంకు ఖాతాల ముందు సున్నాలు మాయం. క్లర్కు గారు ఫైలే పాడైందనుకుని అన్నీ చేత్తో టైపు చేయడం మొదలుపెట్టారు. ఫైలు పాడవలేదు. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) ఉంటాయి, యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు పడతాయి, ఎక్సెల్ ఆ ఫైలును వేరే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) అనుకుని చదివేసింది. నంబర్ల సంగతి వేరు, ఎక్సెల్ వాటిని లెక్కలు కట్టే అంకెలనుకుంది, అందుకే ముందు సున్నాలు తీసేసింది. ఇంకా ప్రమాదం ఏమిటంటే ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది, 16 అంకెల ఖాతా నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఆ ఫైలును సేవ్ చేస్తే అసలు అంకె పోయినట్టే. చేయాల్సింది డబుల్ క్లిక్ కాదు. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే ఆప్షన్ తీసుకుని, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకుని, ఆధార్, ఖాతా కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చి లోడ్ చేయాలి. తర్వాత అసలు ఫైలులో ఎన్ని వరుసలున్నాయో ఇక్కడా అన్నే ఉన్నాయా అని చూసి, ఏవో పది పేర్లు అడ్మిషన్ రిజిస్టరుతో సరిపోల్చుకోవాలి.

ఇది చిన్న పనా? ఎన్‌కోడింగ్, డేటా టైపులు, డేటా నష్టం, సరిచూడడం, నాలుగూ ఇందులో ఉన్నాయి. బ్యాంకుల ప్రాజెక్టుల్లో పెద్ద జీతాలు తీసుకునేవాళ్లు పడే ఇబ్బందులు కూడా ఇవే.

డీటీపీ షాపులో పని చేసినవాళ్లకి అను ఫాంట్ల గొడవ తెలిసే ఉంటుంది. అందులో టైపు చేసింది చూడ్డానికి తెలుగే కానీ లోపల యూనికోడ్ కాదు, వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాయడానికి ప్రయత్నించండి. ఒత్తులు, గుణింతాల వరస దగ్గర చెమటలు పడతాయి. అది పూర్తి కాకపోయినా ఎక్కడ ఆగారో చెప్పగలిగితే చాలు.

బ్యాకప్ గురించి మన జిల్లాలో ఎవరికీ ఎక్కువ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటర్లోనే లెక్కలన్నీ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆ భవనంలో కాకుండా బయట ఉండాలన్నది ఈ రంగంలో పాత సూత్రం. మీరు పనిచేసే షాపులో ఇది పెట్టి, నెలకొకసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు నిజంగా తిరిగి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని లెక్కలో వేసుకోవద్దు.

డైరీ నుంచి రెజ్యూమెలోకి

రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉండాలి, కానీ ముందు తెలుగులో, మీ అమ్మకి చెప్పినట్టు రాసుకోండి. "కంప్యూటర్ ఆపరేటర్‌గా పని చేశాను, ఎంఎస్ ఆఫీస్ వచ్చు" అని రాస్తే మీ పని కనబడదు. "స్కూలు ఆఫీసులో విద్యార్థుల వివరాలు పాత ఎక్సెల్ ఫైళ్ల నుంచి కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాను. తెలుగు పేర్లు, ఖాతా నంబర్లు చెడిపోకుండా దిగుమతి పద్ధతి మార్చాను, వరుసల లెక్క సరిచూసే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను" అంటే కనబడుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ఏఐ టూల్ సాయం తీసుకున్నా తప్పులేదు, కానీ అది మీరు చేయనివి కూడా చేర్చేస్తుంది, పెద్ద పెద్ద మాటలు పెట్టేస్తుంది. ప్రతి మాటా మీరు అర్థం చెప్పగలిగేదై ఉండాలి. చెప్పలేనిది కొట్టేయండి.

హోదా పెంచుకోవద్దు. పెట్టుకోవాల్సిన పేరు "ఆఫీస్ ఐటీ అసిస్టెంట్, పార్ట్‌టైమ్" అయితే అదే పెట్టండి. జీతం లేకుండా చేస్తే వాలంటరీ అనండి. మొత్తం ఒక పేజీ. ఫొటో, తండ్రి పేరు, మతం, డిక్లరేషన్ ఇవేవీ ప్రైవేటు ఉద్యోగాలకి అక్కర్లేదు.

ప్రాజెక్టు విషయానికొస్తే, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వద్దు అనను, కానీ మీ కాలేజీ లైబ్రేరియన్ వాడి చూసిందైతేనే పెట్టండి. ఏ ప్రాజెక్టుకైనా వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే: ఎన్ని టేబుళ్లు, ప్రైమరీ కీ ఏమిటి, ఎందుకది, ఇద్దరు ఒకేసారి ఒకే పుస్తకం తీసుకుంటే ఏమవుతుంది, పాస్‌వర్డ్ ఎలా దాచారు. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు టేబుల్లో పెట్టినట్టయితే ఈ రోజే హాష్ చేసేలా (వెనక్కి చదవలేని కోడ్‌గా మార్చి దాచేలా) మార్చేయండి. కోడ్‌ని గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపించే సైటు) పెట్టండి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు మాత్రం అందులోకి పోకుండా చూసుకోండి. టీం ప్రాజెక్టులో నలుగురుంటే మీరు చేసిన భాగమే మీదని చెప్పండి.

ఇంటర్వ్యూలో భాష

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల భయం నాకు తెలుసు. ఇంగ్లీషు బాగా మాట్లాడాలి, కాదనను, కానీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. డైరీలో నాలుగు సంగతులున్నాయి కదా, ఒక్కోదానికి ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం. సమస్య ఇది. ముందు ఇది చూశాను. కారణం ఇది. ఇలా సరిచూశాను. రోజూ ఒక సమస్యను ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. తెలియనిది అడిగితే "తెలియదు, కానీ ఇక్కడ మొదలుపెట్టి చూస్తాను" అని, ఎక్కడ మొదలుపెడతారో చెప్పండి. నోరు మూసుకుపోవడం కంటే, ఏదో ఒకటి కల్పించి చెప్పడం కంటే ఇది ఎంతో నయం. మన యాస గురించి సిగ్గుపడే పని అసలే లేదు.

ఎక్కడ వెతకాలి

క్యాంపస్‌కి కంపెనీలు వచ్చే కాలేజీ అయితే సరే. రాకపోతే టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలకు కాలేజీతో పనిలేకుండా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బీసీఏ, బీఎస్సీ వాళ్లకు విప్రోలో విల్ప్ అని ఉంది, ఉద్యోగం చేస్తూ కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదవొచ్చు, కానీ కొన్నేళ్లు ఉండాలన్న ఒప్పందం ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్ ఖాళీలు వస్తాయి. 2019లో సవరించిన నిబంధనల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000 రూపాయలని పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకోండి; ఏడాది తర్వాత ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది. డబ్బు తక్కువే, కానీ ప్రభుత్వ రంగ సంస్థల్లో ఐటీ విభాగంలో దొరికితే మంచి మొదలు.

విశాఖ మనకు దగ్గర. మధురవాడ, రుషికొండల్లో చిన్న కంపెనీలున్నాయి, విజయనగరం నుంచి రోజూ వెళ్లి వచ్చేవాళ్లున్నారు. మొదటి ఉద్యోగానికి ఇంటి నుంచి వెళ్లొచ్చే చోటు దొరికితే, హైదరాబాద్‌లో రెండు వేలు ఎక్కువిస్తామన్నా నేనైతే విశాఖే ఎంచుకోమంటాను. హాస్టల్ ఖర్చు మిగులుతుంది, ఆ మిగిలిన దాంతో మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు. ఈ మాటకి ఒప్పుకోనివాళ్లుంటారు, వాళ్లకూ కారణాలున్నాయి, పెద్ద ఊళ్లో కంపెనీ మారడం తేలిక.

వీటికి దూరంగా ఉండండి

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించి ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారు చేస్తారు. కానీ పీఎఫ్ ఖాతా ఒకటుంటుంది, మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చే శాశ్వత నంబరు) మీద ఏ సంస్థ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు డబ్బు కట్టిందో అందులో ఉంటుంది, వెరిఫికేషన్ వాళ్లు అదే చూస్తారు. దొరికితే ఆ ఉద్యోగంతో ఆగదు, కంపెనీలు బ్లాక్‌లిస్ట్‌లో పెడతాయి.

ఆఫర్ లెటర్‌కి డిపాజిట్ అడిగేవాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామనేవాళ్లు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, అంతే.

విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అనే మాట వింటే మాత్రం ఆగి ఆలోచించండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? కంప్యూటర్ తెలిసిన మన ప్రాంతపు కుర్రాళ్లను డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా తీసుకెళ్లి, బంధించి, ఇక్కడి జనాన్నే ఫోన్లలో మోసం చేసే పని చేయించారు. ఏజెంటు ఎవరైనా, చుట్టమైనా సరే, కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వొద్దు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పంపిస్తామంటే అక్కడితో ఆపేయండి.

చేరాక మొదటి ఆరు నెలలు

డెవలప్‌మెంట్ అనుకుని వెళ్తే సపోర్ట్ ఇచ్చారని కుమిలిపోయేవాళ్లు చాలామంది. నేను మొదలుపెట్టింది అక్కడే కాబట్టి గట్టిగా చెప్తున్నాను, సపోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ విరుగుతుందో కనిపిస్తుంది, అది తెలిసినవాడు తర్వాత కోడ్ రాసినా బాగా రాస్తాడు. ఒక ఏడాది చేయండి. రెండేళ్లు దాటినా అదే టికెట్లు (వాడేవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులు) మూస్తుంటే అప్పుడు లోపలే వేరే టీం అడగండి.

లాగ్ ఫైళ్లు (ప్రోగ్రాం తను చేసిన పనులు, వచ్చిన ఎర్రర్లు రాసుకునే ఫైళ్లు) చదవడం నేర్చుకోండి. పైథాన్ ఎర్రర్ అయితే ముందు అట్టడుగు వాక్యం చదవాలి, జావా అయితే కిందికి వెళ్తూ "కాజ్డ్ బై" అని ఉన్న చివరి చోట చూడాలి. సీనియర్‌ని అడిగేటప్పుడు "రావట్లేదు అన్నా" అని కాకుండా, ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఈ మూడూ చెప్పి అడగండి, ఎవరూ విసుక్కోరు. అరగంట తలబద్దలు కొట్టుకున్నా దారి దొరకకపోతే అడిగేయండి, రోజంతా దాచుకోవద్దు.

డేటాబేస్‌లో ఏదైనా మార్చమంటే అప్‌డేట్ రాసేముందు అదే షరతుతో సెలెక్ట్ వేసి ఎన్ని వరుసలు వస్తున్నాయో చూడండి. ఒక్క వరుస మారాలి అనుకున్న చోట పదివేలు వస్తే ఆగాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, మార్చి, చూసి, సరిగ్గా ఉంటేనే కమిట్ చేయండి, అంటే మార్పును ఖాయం చేయండి.

ఇక మళ్లీ కాగితాలు. ఆఫర్ లెటర్, ప్రతి నెల పేస్లిప్, ఫారం 16, చివర్లో రిలీవింగ్ లెటర్, అన్నీ మీ సొంత మెయిల్‌లో ఉండాలి, కంపెనీ మెయిల్‌లో కాదు, ఎందుకంటే మానేసిన సాయంత్రమే అది మూసేస్తారు. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, పేస్లిప్‌లో పీఎఫ్ కోసినట్టుంటే ఆ డబ్బు నిజంగా మీ ఖాతాలో పడుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోండి. కంపెనీ కోడ్, క్లయింటు డేటా మాత్రం ఒక్క ఫైలు కూడా బయటికి తెచ్చుకోవద్దు, డైరీలో కూడా క్లయింటు పేర్లు లేకుండా సమస్య, కారణం, పరిష్కారం వరకే రాసుకోండి. మూడు నెలలకొకసారి ఆ డైరీ తెరిచి రెజ్యూమెలో రెండు వాక్యాలు మార్చి పెట్టుకోండి, ఉద్యోగం వెతుక్కునే రోజు వరకు ఆగితే సగం మర్చిపోతారు.